కుర్చీలోంచి లేవకముందు

నేతకార్మికులకు సర్కారు ఇచ్చే ఇళ్ల జాబితాలోంచి పదకొండు పేర్లు కొట్టేసింది బాలలక్ష్మేనట! 1993 వేసవిలో, కరీంనగర్‌లో ఆమె పనిచేసే ఆఫీసు ఇచ్చిన మెమోలో అలాగే ఉంది. మూడు రోజుల్లో జవాబివ్వకపోతే ఉద్యోగం ఊడుతుంది. మగ్గం మీద బతికే ఇంట్లో పుట్టిన పిల్ల నేతవాళ్ల పేర్లే తీసేస్తుందా? రాసినవాడికి సిగ్గుండాలి.

జరిగిందేమిటో ఆఫీసంతటికీ తెలుసు. అక్కడి నాలుగు టెర్మినళ్లూ, అంటే తెరా కీబోర్డూ ఉన్న బల్లలు, ఒకే యూనిక్స్ కంప్యూటర్ మిషన్‌కు తగిలించి ఉంటాయి. ఎవరి పాస్‌వర్డ్‌తో లోపలికి వెళితే ఆ పని వాళ్ల పేరిటే పడుతుంది. కానీ పెద్దసారు ఉపేందర్‌రావు గదిలోకి వచ్చాడంటే అందరూ చటుక్కున లేవాలి, ఆయన చూపించిన కుర్చీ ఖాళీ కావాలి. లాగవుట్ చేసి, అంటే తమ పేరు మూసేసి, లేద్దామని క్షణం ఆగితే పొగరంటారు. సోమవారం ఆయన బాలలక్ష్మి కుర్చీలో అరగంట కూర్చుని, ఆమె పేరు మీదే ఆ పదకొండు పేర్లు తీసి తన చుట్టాలను ఎక్కించాడు. ఆమె పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

మెమో పట్టుకుని పక్క టెర్మినల్ దగ్గర కూర్చునే కైలాసం దగ్గరికి వెళ్లింది. మిషన్ బాగోగులు చూసేది అతనే.

"అన్నా, గా అరగంటల సారు తన పేరు మీదికి మారిండేమో జర చూడరాదే?"

కైలాసం రికార్డు వెతికి తల అడ్డంగా ఊపాడు. "మారితే ఈ రికార్డుల పడ్తది చెల్లె. సారు మారలే. మొత్తం నీ పేరే ఉన్నది."

"గప్పుడు నేను నిలబడే ఉన్న కద! నువ్వు చూసినవ్ కద!"

"చూసిన. సాక్ష్యం రాసియ్యమనకు. నాకు పిల్లలున్నరు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది కళ్లు పెట్టుకుని ఏం లాభం?

మర్నాడు ఉపేందర్‌రావు మళ్లీ వచ్చాడు. మిగతా ముగ్గురూ లేచారు. బాలలక్ష్మి లేవలేదు.

"ఏమమ్మా, కండ్లు కనవడ్తలేవా?"

"కనవడ్తున్నయ్ సార్. జర ఆగుండ్రి."

లాగవుట్ కావడానికి తాపీగా ఎగ్జిట్ కొట్టింది. తెర మీద పేరు అడిగే వరుస ఒక్కటే మిగిలింది. అప్పుడు లేచి, కుర్చీ ఆయనవైపు జరిపింది.

"కూసోండ్రి. ఇగ మీ పేరు కొట్టుండ్రి."

ఆయన మొహం ఎర్రబడింది. కూర్చోకుండా కైలాసం టెర్మినల్ వైపు నడిచాడు. ఒక్క అడుగు దూరంలో ఉండగా, కైలాసం మళ్లీ కుర్చీలో కూర్చుని తానూ ఎగ్జిట్ కొట్టాడు.

"చెల్లె," అన్నాడు, ఆయనకు వినబడేలా. "నీ జవాబు కాయితం పట్కరా. సాక్షి సంతకం నేను పెడ్త."