గ్రీను మీద నల్లని అడుగులు

నేను చెట్టు మీద ఉన్నాను కాబట్టి మొత్తం చూశాను. కింద ఉన్నవాళ్ళు తలా ఒక ముక్క చూశారు, తలా ఒక రకంగా చెప్పారు. మేనేజరు అసలేమీ చూడలేదు, అందరికంటే ఎక్కువ చెప్పింది మాత్రం ఆయనే. అందుకే ఈ సంగతి నేను చెప్పాల్సి వచ్చింది.

చలికాలంలో గోల్ఫ్ మైదానంలో పనేముంటుంది, గడ్డి పెరగదు కదా, ఊరికే కూర్చుని జీతం తింటారు కదా అంటారు జనం. ఒక్కరోజు వచ్చి చూడండి. ఊడ్చినకొద్దీ ఆకులు రాలుతూనే ఉంటాయి. ఇసుక గుంటలు చదును చేయాలి, ఎండు కొమ్మలు కొట్టాలి, మిషన్లు విప్పి, తుడిచి, నూనె పెట్టాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి, బిగించిన బోల్టే మళ్ళీ బిగిస్తాం. వీటన్నిటినీ మించిన పని ఒకటుంది. గ్రీను తొక్కకుండా కాపాడటం. గ్రీను అంటే జెండా పాతిన గుంట చుట్టూ తివాచీలాగా కత్తిరించిన గడ్డి. తెల్లారేసరికి దాని మీద మంచు గడ్డకడుతుంది. అప్పుడు కాలు పెడితే గడ్డి లోపల్లోపలే విరిగిపోతుంది. ఆ క్షణంలో ఏమీ తెలియదు. మధ్యాహ్నానికి ఆ అడుగు నల్లగా పైకి తేలుతుంది, ఎండలు ముదిరేదాకా పోదు.

అందుకని ఎండ వచ్చి మంచు కరిగేదాకా ఆగడం ఇక్కడి పద్ధతి. ఆడేవాళ్ళూ ఆగాలి, మేమూ ఆగాలి. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి మిషన్ బాబాయి చెప్పే మొదటి మాట ఇదే. "కొంపలు అంటుకున్నా సరే, మంచులో గ్రీను తొక్కకండ్రా. చుట్టూ తిరిగి రండి." ఆయన గడ్డి కోసే మిషను నడుపుతాడు. ఆయన భార్య మాతోపాటే ఆకులు ఊడుస్తుంది. చుట్టరికం లేకపోయినా మా అందరికీ ఆయన బాబాయి, ఆమె పిన్ని.

ఈ ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. ఆయనకి ఎండ కోసం ఆగడం నచ్చలేదు. పెద్దమనుషులు పొద్దున్నే ఆడుకుని ఆఫీసులకి పోవాలట. నీళ్ళు చల్లి మంచు కరిగించమన్నాడు. ఆ నీళ్ళు గ్రీను అవతలి మడుగులోంచి పంపుతో రావాలి. నేను ఎండు కొమ్మలు కొట్టడానికి చెట్టెక్కిన ఆ రోజు పంపు గొట్టం మూతికి ఆకులు అడ్డంపడి నీళ్ళు రాలేదు.

"ఎవరినైనా దింపి తీయించు" అన్నాడు మేనేజరు.

"ఎండొచ్చాక తీద్దాం సార్. ఇప్పుడు నీళ్ళు కోసేస్తాయి" అన్నాడు బాబాయి.

"గెస్టులు దార్లో ఉన్నారు. గొట్టం దగ్గర ఇరుకు, సన్నటి మనిషి కావాలి. ఏమ్మా, నువ్వు దిగు" అన్నాడు పిన్నిని చూసి.

"నేను దిగుతాలెండి సార్, ఆవిడకి దగ్గుంది."

"నువ్వు మిషను సంగతి చూడవయ్యా. ప్రతిదానికీ నువ్వేనా?"

పిన్ని స్వెట్టరు విప్పి ఒడ్డున పెట్టింది. తాడు లేదు, రబ్బరు బూట్లు లేవు. మేనేజరు గెస్టులకి ఎదురెళ్ళడానికి గేటు వైపు వెళ్ళాడు. బాబాయి వంటగది పక్కనున్న షెడ్డులోకి నడిచాడు. నేను కొమ్మ మీద కూర్చుని, పిన్ని నడుంలోతు నీళ్ళలో వంగి రెండు చేతులా ఆకులు తీయడం చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆమె కాలు జారింది. ఒక్క కేక వేసింది. ఆ తర్వాత కేక వినపడలేదు, చేతులు మాత్రం కనపడుతున్నాయి.

నేను అరిచాను. నడుముకి కట్టుకున్న తాడు ముడి చలికి బిగుసుకుపోయింది, ఊడి చావలేదు. కింద రెండు తలుపులు ఒకేసారి తెరుచుకున్నాయి. షెడ్డులోంచి బాబాయి వచ్చాడు. వంటగదిలోంచి గిన్నెలక్క వచ్చింది. ఆమె క్లబ్బులో గిన్నెలు తోముతుంది, మాట కరుకు. మాతో ఎప్పుడూ పడేది కాదు, మేం టీ తాగిన గ్లాసులు మాచేతే కడిగించేది. ఇద్దరూ ఒకే చోటు నుంచి పరిగెత్తారు. ఎదురుగా గ్రీను, దాని అవతల మడుగు.

గిన్నెలక్క సూటిగా గ్రీను మీదుగా పరిగెత్తింది. సగంలో ఒక చెప్పు ఊడిపోయింది, ఆగలేదు.

బాబాయి గ్రీను చుట్టూ పరిగెత్తాడు.

అవును, సొంత భార్య నీళ్ళలో మునుగుతుంటే ఆ మనిషి అంచు వెంబడే, వంపు తిరిగి, ఒక్క అడుగు కూడా గడ్డి మీద పడకుండా పరిగెత్తాడు. ఏడుస్తూనే పరిగెత్తాడు. ఆయనకి ప్రేమ లేదనుకుంటే మీరు పొరబడ్డట్టే. కాళ్ళకి అలవాటైపోయింది. ఇన్నేళ్ళుగా కొద్దికొద్దిగా క్లబ్బు పెద్దలు ఆ కాళ్ళని తమ సొంతం చేసుకున్నారు, ఆయనకే తెలియలేదు. బాబాయి ఒడ్డుకి చేరేసరికి గిన్నెలక్క పిన్నిని జుట్టు పట్టి బయటికి ఈడ్చి, వీపు మీద చరుస్తోంది.

పిన్ని బతికింది. మధ్యాహ్నానికి గ్రీను మీద అడుగులు తేలాయి. సగం దాకా రెండూ చెప్పుల అచ్చులు, ఆ తర్వాత ఒకటి చెప్పు, ఒకటి ఒట్టి కాలు. ఎవరివని అడగక్కర్లేదు. పెద్ద పోటీ దగ్గరకొచ్చింది, మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. గిన్నెలక్కని ఆ పూటే గేటు బయటికి పంపేశాడు. పంపు పాడు చేసి, గ్రీను నాశనం చేసి పారిపోతుంటే పట్టుకున్నామని పోలీసులకి చెబుతానన్నాడు. పిన్ని పేరెత్తలేదు. ఆవిడ నీళ్ళలోకి దిగిందే తనకి తెలియదన్నాడు.

మర్నాడు బాబాయిని తన గదికి పిలిచి కుర్చీ వేశాడు. మా మైదానంలో పనివాడికి కుర్చీ వేస్తే ఏదో మూడిందని అర్థం.

"నువ్వు సీనియరువి. ఒక్క మాట చెప్పు చాలు. నిన్న చుట్టూ తిరిగి వెళ్ళినా సమయం సరిపోయేదని. ఆమె కావాలనే తొక్కిందని. నువ్వే తిరిగి వెళ్ళావు కదా, నువ్వు చెబితే ఎవరు కాదంటారు?"

బాబాయి రేపు చెబుతానని వచ్చేశాడు. చూశారా ఎంత తెలివో. సరిపోయేదని ఒప్పుకుంటే బాబాయికీ మనశ్శాంతి. తాను తిరిగి వెళ్ళినా పెళ్ళాం దక్కేదని జీవితాంతం చెప్పుకోవచ్చు. మనిషికి ఎక్కడ నొప్పి ఉందో అక్కడే మందు పూస్తామంటారు వీళ్ళు, ఆ మందు పేరు అబద్ధం.

అన్నం తినే వేళ షెడ్డులో అందరం కూడాం. మాలో నోరు మూయని కుర్రాడొకడున్నాడు, వాణ్ణి రేడియో అంటాం. వాడు ముందే మొదలెట్టాడు.

"పారలు తీయండి. గ్రీనంతా తవ్వి పారేద్దాం. పోటీ ఎక్కడాడుకుంటారో చూద్దాం!"

"గడ్డి ఏం పాపం చేసిందిరా? నీళ్ళు పోసి పెంచింది మనమే కదా" అంది ఆకులూడ్చే పెద్దావిడ.

"అయితే పని మానేద్దాం."

"మానితే రేపు వేరేవాళ్ళని దింపుతారు. బయట మనుషులకి కరువా?"

"గిన్నెలామె కోసం మనమెందుకు పోవాలి?" అన్నాడు వెనక నుంచి ఎవరో. "గ్లాసు ముట్టుకుంటే తిట్టేది. వంటగదివాళ్ళు మనల్ని ఏనాడన్నా మనుషుల్లా చూశారా?"

అది నిజమే. పొద్దున రేడియో వంటగదికి వెళ్ళి గిన్నెలక్క తరఫున మాట్లాడమని అడిగితే వంటాయన గరిటె ఆపకుండానే చెప్పాడట. "గడ్డి గొడవ మీది. మమ్మల్ని లాగకండి." వంటగదివాళ్ళు క్లబ్బు మనుషులు, మేం కాంట్రాక్టు మనుషులం. వాళ్ళకి తెల్ల బట్టలు, మాకు బురద. ఎవరు గీశారో తెలియదు కానీ ఆ గీత ఇద్దరమూ దాటలేదు.

బాబాయి ఒక మూల తల వంచుకుని కూర్చున్నాడు. మేనేజరు తననేం చెప్పమన్నాడో మాకు చెప్పేశాడు, తన మనసులో మాట మాత్రం చెప్పలేదు. "సరిపోయేదేమోరా" అన్నాడు చివరికి, ఎవరి మొహమూ చూడకుండా. "నేనూ వచ్చేశాను కదా. ఇంకో రెండు అంగల్లో అందుకునేవాణ్ణేమో."

గుమ్మం దగ్గర దగ్గు వినపడింది. పిన్ని దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరం చూడలేదు.

"నీళ్ళలో ఉన్నది నేను" అంది. "సరిపోయేది కాదు."

పిన్ని బాబాయి ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు వంపు తిరుగుతుంటే చూశానయ్యా. నీళ్ళు కళ్ళ దాకా వచ్చినా చూశాను. ఆ దరిద్రపుగొట్టు గడ్డి దాటి రాడేంట్రా దేవుడా అనుకున్నాను. నీ మీద కోపం రాలేదనను, వచ్చింది. మంచం మీద పడుకుని ఆలోచిస్తే ఇంకొకటి తోచింది. నేనే ఒడ్డున ఉండి, నువ్వు నీళ్ళలో ఉంటే? నేనూ చుట్టూ తిరిగేదాన్నే. ఇక్కడున్న వాళ్ళందరూ తిరిగేవాళ్ళే. గడ్డి సంగతి తెలియంది కాబట్టి అదొక్కతే మనిషిలా పరిగెత్తింది. ఇప్పుడు దాన్నే దొంగని చేస్తామంటే, మళ్ళీ నన్ను ఆ మడుగులో తోసెయ్యండి."

ఆకులూడ్చే పెద్దావిడ లేచి పిన్నికి కూర్చోవడానికి తన గోనెపట్టా పరిచింది.

"అది వెళ్ళిన దారినే మనమూ వెళ్దాం" అన్నాడు బాబాయి. "తవ్వొద్దు, తగలబెట్టొద్దు. రేపు మంచులో, వంటగది గుమ్మం నుంచి మడుగు దాకా సూటిగా నడుద్దాం. ముందు నేను నడుస్తాను. ఆ అడుగులు ఎవరివని అడిగితే అందరివీ అని చెబుదాం."

తెల్లారేసరికి మంచు దట్టంగా పట్టింది. పోటీకి వచ్చిన గెస్టులు క్లబ్బు మెట్ల మీద కోట్లు తొడుక్కుని నిలబడ్డారు. మేం షెడ్డు ముందు వరసగా నిలబడ్డాం. బాబాయి గ్రీను అంచుకొచ్చి ఆగాడు. కాలు ఎత్తాడు, దించలేకపోయాడు. నవ్వకండి, చూస్తున్న మాకెవరికీ నవ్వు రాలేదు. పిన్ని పక్కకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ కాలు గడ్డి మీద పడింది. కింద మంచు కరకరమన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

వాళ్ళ వెనక మేమంతా నడిచాం. "గిన్నెలక్కని పనిలోకి తీసుకోవాలి!" అని రేడియో అందుకున్నాడు. "చలిలో మనుషుల్ని నీళ్ళలో దింపొద్దు!" అని మేం కలిపాం. గేటు బయట నుంచి గిన్నెలక్క గొంతు కూడా వినపడింది, ఆమె నినాదాలకంటే తిట్లే ఎక్కువ.

మేనేజరు ఫోను చేస్తే జీపు, దాని వెనక వ్యాను వచ్చాయి. ఇనస్పెక్టరు దిగి, మనుషుల్ని తీసుకుని గబగబా మా వైపు వచ్చాడు. అంచు మీద కాలు పెట్టబోతుండగా మేనేజరు గావుకేక పెట్టాడు.

"సార్! సార్! గ్రీను తొక్కొద్దు! చుట్టూ తిరిగి వెళ్ళండి!"

అలవాటున్న ప్రాణాలు కదా, పెద్దవాళ్ళ ఆజ్ఞ వింటే వాళ్ళ కాళ్ళూ అంతే. పోలీసులు అంచు వెంబడే వంపు తిరిగి మడుగు వైపు పరిగెత్తారు. మేం వెనక్కి తిరిగి వంటగది వైపు నడిచాం. వాళ్ళు రొప్పుకుంటూ మళ్ళీ చుట్టూ తిరిగి ఇటొచ్చారు. మేం మళ్ళీ మడుగు వైపు. లాఠీలు పట్టుకుని అంత బలగం గడ్డి చుట్టూ గానుగెద్దుల్లా తిరుగుతుంటే పిన్ని దగ్గుతూనే నవ్వింది. ఆ నవ్వు చూసి బాబాయి కూడా నవ్వాడు. గెస్టుల్లో కూడా ఒకరిద్దరు మొహం తిప్పుకుని నవ్వారు, అది ఇనస్పెక్టరు చూశాడు.

"గడ్డి లేదు, గాడిద గుడ్డూ లేదు. తొక్కుకుంటూ పదండ్రా!" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది మీకు తెలిసిందే, అన్ని చోట్లా ఒకేలా జరుగుతుంది. లాఠీ రేడియో చెవి మీద పడింది. ఆకులూడ్చే పెద్దావిడని ఇద్దరు ఎత్తి తీసుకెళ్ళారు. బాబాయి పిన్నికి అడ్డం పడుకున్నాడు, బూటు దెబ్బలన్నీ ఆయన వీపుకే తగిలాయి. మా అందరినీ వ్యాన్లో కుక్కి తలుపు వేశారు. పిన్నిని కూడా, దుప్పటితో సహా.

వ్యాను జాలీలోంచి గ్రీను కనపడుతోంది. మేనేజరు పంపు షెడ్డు వైపు చూసి "ఎవరైనా నీళ్ళు వదలండి!" అని అరుస్తున్నాడు. వదలడానికి మాలో ఒక్కరు కూడా బయట లేరు. అప్పుడు వంటగది వెనక తలుపు తెరుచుకుంది. వంటాయన వచ్చాడు, తెల్ల టోపీ నెత్తి మీదే ఉంది. ఆయన వెనక కూరలు తరిగేవాళ్ళు, బల్లలు తుడిచేవాళ్ళు, గ్లాసులు అందించేవాళ్ళు, ఒకరి వెనక ఒకరు గుమ్మం దిగారు. మేనేజరు రెండు చేతులూ చాచి ఎదురెళ్ళాడు.

"మీకేమైంది? ఇది మీ గొడవ కాదు కదా!"

"గిన్నెలు తోమే మనిషి లేదు సార్" అన్నాడు వంటాయన. "తెచ్చుకుందామని వెళ్తున్నాం."

"గేటు అటు కదా! రోడ్డు మీదుగా వెళ్ళండి!"

"ముందు ఆ మడుగు చూసి వెళ్తాం" అని, వంటాయన తెల్లటి బూటు మంచు మీద పెట్టాడు.