ఎర్ర వైరు, నల్ల వైరు

1979లో ధర్మవరం చెరువులో చేపలు పట్టుకునే హక్కు వేలంలో గోవిందప్పకు దక్కింది. వలలు లాగడానికి ఆయన తుంగభద్ర వైపు నుంచి ఒక పాత చెక్క మోటారు పడవను కొని, లారీ మీద తెప్పించాడు. ఇంజను బాగానే ఉంది. లైట్లు మాత్రం వెలగలేదు, హారన్ మోగలేదు, అడుగున చేరే నీళ్లను తోడే పంపు తిరగలేదు. సగం వైర్లు ఎలుకలు కొరికేశాయి, మిగతావి ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతున్నాయి.

వాటిని బాగు చేయడానికి ఊళ్లో ఎవరూ ఒప్పుకోకపోయేసరికి, పెనుకొండలో లారీలకు వైరింగు చేసే కాలేసాబ్‌ను పిలిపించాడు.

కాలేసాబ్ పడవ ఎక్కడం అదే మొదటిసారి. గట్టు మీద దుంగలపై నిలిపిన పడవలోకి దిగి ఒక పూటంతా చూశాడు. లారీలో బల్బుకు ఒక్క వైరు చాలు, రెండో దారి ఇనుప బాడీయే. ఇది చెక్క. ప్రతి బల్బుకూ కరెంటు పోవడానికి ఎర్ర వైరు, తిరిగి రావడానికి నల్ల వైరు లాగాలి. అక్కడే అతనికి చిక్కు వచ్చిపడింది.

ఎరుపూ నలుపూ అతని కంటికి ఒకటే. పుట్టుకతోనే అంతే. ఆ సంగతి భార్య హసీనాబీకి తప్ప ఎవరికీ తెలియదు. అంగట్లో ఆమె వైరు చుట్టలను ఎప్పుడూ ఒకే వరుసలో తగిలించేది. అతను వరుసను బట్టి తీసుకునేవాడు. ఇరవై ఏళ్లు అలాగే గడిచిపోయాయి.

పని వద్దని వెళ్లిపోవచ్చు. కానీ ఎందుకు వద్దో చెప్పాలి. ఎర్ర చుట్టను కుడి పక్కన, నల్లదాన్ని ఎడమ పక్కన పెట్టుకుని మొదలుపెట్టాడు.

రెండు రోజులు సరిగ్గానే సాగింది. మూడో రోజు కూలివాళ్లు పంపును లోపలికి దించుతూ చుట్టలను జరిపి, కుడిది ఎడమకు, ఎడమది కుడికి పెట్టారు. ఆ సాయంత్రం బ్యాటరీ తగిలించగానే ఇంజను పక్కన పొగ లేచింది. కాలేసాబ్ వైరు పీకేసేలోగా మూరెడు కాలిపోయింది. అతని వేళ్లు బొబ్బలెక్కాయి.

“ఏం చేస్తివప్పా! చెక్క పడవ, అంటుకునింటే?” గోవిందప్ప అరిచాడు. కాలిన చోటు వంగి చూశాడు. “ఎర్రదాన్ని నల్లదానికి కలిపిండావే! కండ్లు యాడ పెట్టుకోనుండావు?”

కాలేసాబ్ తడిగుడ్డ చేతికి చుట్టుకుని కూర్చున్నాడు. కూలివాళ్ల మీద నెట్టేయవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

“కండ్లే సరిగ్గా లేవప్పా,” అన్నాడు. “నాకు ఎరుపూ నలుపూ ఒకే మాదిరి కనపడతాయి.”

గోవిందప్ప ఆ రెండు చుట్టల వంకా చూశాడు. “మరి ఇన్నేండ్లూ లారీలు ఎట్ల చేస్తివి?”

“మా ఇంట్లో ఆడమనిషి ఉండాది.”

“అయితే ఆయమ్మను పిల్చకరా పో. ఇంగేం చేస్తావు?”

మరుసటి రోజు తొలి బస్సుకే హసీనాబీ వచ్చింది. పాత తెల్ల పంచె ఒకటి తెచ్చి, పీలికలుగా చించి, ఎర్ర వైరుకు మూరకొక ముడి వేసింది.

“తెల్లది కనపడతాది గదా?” అని అడిగింది.

“కనపడతాది.”

చోద్యం చూస్తున్న కూలివాళ్లతో, “చూసింది చాలు, ఆ పంపు పట్టుకోండప్పా,” అంది. కాలిన వేళ్లతో అతను చేయలేని బిగింపులన్నీ ఆమే చేసింది. ఆ నాలుగో రోజు సాయంత్రానికే పని ముగిసింది. పీలికలు విప్పేసి పడవను నీళ్లలోకి తోశారు. లైట్లు వెలిగాయి, పంపు తిరిగింది. గోవిందప్ప హారన్ నొక్కి పట్టుకుంటే గట్టు మీద గొర్రెలన్నీ చెదిరిపోయాయి.

వాళ్లు పెనుకొండ చేరేలోగానే సంగతి ఊరంతా పాకింది. ఇద్దరు లారీ ఓనర్లు వేరే అంగడికి మారారు. వారం రోజులు కాలేసాబ్ అంగట్లో ఊరికే కూర్చున్నాడు.

ఆ తర్వాత తిప్పేస్వామి అనే డ్రైవరు లారీ తెచ్చాడు. “నీ కండ్ల సంగతి విన్యాలే సాబూ. చేసేటప్పుడు నేను పక్కనే నిలబడి చూస్తా,” అన్నాడు.

కాలేసాబ్ అతని వంక చూశాడు.

“నిలబడు,” అన్నాడు. “నిలబడి ఆ ఎర్ర చుట్ట ఏదో చూసి ఇట్లియ్యి.”

తిప్పేస్వామి చుట్ట అందించి, పని అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.