తలా తోకా కనపడని పాము

పాములు పట్టడం ఆమెకి బతుకుతెరువు కాదు. ఆమెది జిరాక్స్ షాపు. ఆనుకునే భర్త కళ్ళజోళ్ళ షాపు. ఎవరింట్లోనైనా పాము దూరిందని ఫోన్ వస్తే, షట్టరు సగానికి దించి, "కాస్త ఇటు చూస్తూండండి" అని భర్తకి చెప్పి, కొక్కెం కర్రా గుడ్డసంచీ తీసుకుని స్కూటరెక్కేది. అసలు పేరు ఎవరూ అడగరు. పాములక్క అంటే చాలు, ఇల్లు చూపిస్తారు.

పట్టడం కంటే, పాముల గురించి నలుగురికీ చెప్పడమంటే ఆమెకి ఇష్టం. ఆ రోజు పొద్దున కూడా అందుకే మార్కెట్ వెనకున్న కుట్టుమిషన్ల షెడ్డుకి వెళ్ళింది. వానలకి అక్కడెవరికో పాము కనపడిందట. అప్పట్నుంచీ ఆడవాళ్ళు కాళ్ళు స్టూళ్ళమీద పెట్టుకుని కుడుతున్నారు. పని సాగక సూపర్‌వైజరే పిలిపించాడు.

ఆమె రెండు పెద్ద ఫోటోలు గోడకి అంటించింది. రెండూ నల్లటి పాములే, రెంటికీ తెల్ల చారలే.

"ఇది కట్లపాము, ప్రాణం తీస్తుంది. ఇదేమో బల్లుల్ని తిని బతికే సాధు ప్రాణి, విషం లేదు. కట్లపాముకి చారలు తోకవైపు బాగా తెలుస్తాయి, తలవైపు వచ్చేసరికి మాసిపోతాయి. దీనికి తలకిందులు. తల దగ్గర తెలుస్తాయి, తోక దగ్గర మాసిపోతాయి. అంతే తేడా."

గుండీలు కుట్టే ఆవిడ చెయ్యెత్తింది. "అక్కా, మనం తలా తోకా చూసుకునేదాకా అది కదలకుండా ఉంటుందా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వేసి, తర్వాతి మాటలోకి వెళ్ళిపోయింది. కరిస్తే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, నాటుమందులంటూ తిరగొద్దు, నేరుగా ఆస్పత్రికి పొండి అని చెప్పింది. టీలు వచ్చాయి. గ్లాసు ఇంకా సగం కూడా కాలేదు, బట్టల తానులు పేర్చిన అలమర దగ్గర్నుంచి ఎవరో మెల్లగా అన్నారు. "అక్కా, ఇక్కడుంది."

వెళ్ళి చూసింది. రెండు నీలం తానుల మధ్య జానెడు నల్లటి ఒళ్ళు, దానిమీద తెల్ల చారలు. తల ఒక తాను వెనక, తోక ఇంకో తాను వెనక. కర్ర పట్టే సందు లేదు. పై తానుని ఎడమచేత్తో కొంచెం పక్కకి జరిపింది. ఉంగరం వేలికి ఏదో చురుక్కుమంది. చెయ్యి లాక్కునేలోపు ఆ జానెడు ఒళ్ళూ లోపలికి జారిపోయింది.

వేలిమీద రెండు సన్నటి చుక్కలు. పిండితే ఒకదాంట్లోంచి మాత్రం పూసంత రక్తం వచ్చింది. ఆ నీలం గుడ్డ నిండా గుండుసూదులు గుచ్చి ఉన్నాయి.

"సూదేనేమో అక్కా," అన్నారు ఒకరు. "మాకు రోజూ గుచ్చుకుంటాయి."

ఆమె వేలికేసి చూస్తూ నిలబడింది. సూదేమో. పామేమో. పామైతే ఏ పాము? ఇన్నేళ్ళలో ఫోన్లో వర్ణన విని పాము పేరు చెప్పిన మనిషికి, కళ్ళెదుట చూసినదాని పేరు నోటికి రావట్లేదు. అయినా ఇందాక తను చెప్పిన మాటే గుర్తొచ్చింది. చెయ్యి ఊపకుండా వెళ్ళి ఆటోలో కూర్చుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. "ఏ పామండీ?" అని అడిగింది.

"తెలీదు."

కాగితాల్లోంచి తలెత్తింది డాక్టరమ్మ. "మీరే కదండీ మా కాలేజీకొచ్చి పాముల గురించి చెప్పింది?"

"నేనే. నడుం భాగమే చూశానమ్మా. అసలు పాము కరిచిందో సూది గుచ్చుకుందో కూడా తెలీదు."

"సరే, పామనే అనుకుందాం," అంది డాక్టరమ్మ. రక్తం తీయించింది. ఒంట్లో విషం లక్షణాలు కనిపిస్తేనే విరుగుడు మందు ఎక్కిస్తామనీ, రేపటిదాకా మంచం దిగడానికి లేదనీ చెప్పింది. కనురెప్పలు బరువెక్కినా, మింగడం కష్టమైనా, కడుపులో నొప్పొచ్చినా వెంటనే పిలవమంది. ఆ లక్షణాలన్నీ పాములక్కకి కంఠతా వచ్చు. అదే వచ్చిన చిక్కు. కడుపులో ఏదో తిప్పినట్టుంటే, అది విషమా, పొద్దున తినకపోవడమా? గొంతు పట్టేసినట్టుంటే, అది విషమా, భయమా? భయం తనకెలా ఉంటుందో ఆమెకి ఇంతకుముందు పెద్దగా పరిచయం లేదు. పోల్చుకోలేకపోయింది.

భర్త షాపు మూసి పరుగున వచ్చాడు. వెనకే అత్తగారు. ఆయన మంచం పక్కన కూర్చుని, కళ్ళజోడు అమర్చేముందు గిరాకీల మొహం చూసినట్టే ఆమె మొహంలోకి చూశాడు.

"ఎడమ రెప్ప కొంచెం కిందికి దిగిందే."

ఆమె చెయ్యి రెప్పమీదికి వెళ్ళింది. "నిజంగానా?"

"దానికెప్పుడూ అంతే," అంది అత్తగారు. "పెళ్ళిచూపుల్లోనే చూశా. ఎడమ కన్ను వాలుతుంది."

"కాదమ్మా, కుడి కన్ను. ఈమెకి ఫ్రేమ్ పెట్టినవాణ్ణి నేను."

"ఒరేయ్, నాకు చూపు తగ్గిందేమో కానీ మతి తగ్గలేదు."

ఎవరి మాటా వద్దు, ఫోటో చూద్దామన్నాడాయన. ఫోన్లో వెతికితే ఒక ఫోటోలో ఎడమ రెప్ప వాలి ఉంది. ఇంకోదాంట్లో కుడిది. ఒకటి ఎవరో తీసింది, ఇంకోటి ఆమే తీసుకుంది. సొంతంగా తీసుకుంటే ఎడమ కుడిగా పడుతుందని ఆయన, ఈ ఫోన్లో అలా పడదని ఆమె. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. వాదిస్తున్నంతసేపూ ఆమెకి కడుపునొప్పి లేదు. వాదన ఆగగానే మళ్ళీ మొదలైంది.

ఆఖరికి నర్సుని పిలిచారు. నర్సు రెప్పలు పైకెత్తించి, వేలు చూపించి అటూ ఇటూ తిప్పించి, "నాకు రెండూ ఒకేలా ఉన్నాయి," అని వెళ్ళిపోయింది.

అత్తగారు గ్లాసుతో నీళ్ళు పట్టించింది. మింగుతుంటే గొంతుకేసే చూస్తూ, "దిగుతోందా?" అంది.

"దిగుతోంది అత్తయ్యా."

"నీకు ఏ పామో తెలీకపోవడం ఏమిటమ్మాయ్?" అంది. అందులో దెప్పడం లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

మర్నాడు పొద్దుటికీ ఏమీ కాలేదు. రక్తపరీక్షలు రెండోసారి కూడా బాగానే వచ్చాయి. డాక్టరమ్మ ఇంటికి పొమ్మంది.

"అంటే సూదేనా డాక్టరుగారూ?" అన్నాడు భర్త.

"సూది కావచ్చు. విషంలేని పాము కావచ్చు. కట్లపామే కరిచి, విషం వదలకపోయుండొచ్చు, అలా కూడా జరుగుతుంది. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆవిడ బాగున్నారు."

సంతోషించాల్సిన మాటే. ఆమె సంతోషించింది కూడా. అయినా మనసు ఎక్కడా నిలవలేదు. ఇంటికెళ్ళకుండా స్కూటర్ని షెడ్డువైపు తిప్పమంది. ఆయన ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, తిప్పాడు.

షెడ్డులో మిషన్లు ఆగిపోయి ఉన్నాయి. ఆడవాళ్ళంతా బయట మెట్లమీద కూర్చున్నారు. ఆమెని చూడగానే లేచి, ఒకరి తర్వాత ఒకరు ఆమె చెయ్యి పట్టుకుని చూశారు. ఆమె నిన్న అక్కడే వదిలేసిన తోలు తొడుగులు వేసుకుని, తానులన్నీ కర్రతో ఒక్కొక్కటే కిందికి లాగింది. అలమర వెనక గోడలో బొక్క ఉంది. టార్చి వేస్తే చారలు మెరిశాయి. ఈసారి తొందరపడలేదు. అది పూర్తిగా బయటికొచ్చాక సంచిలోకి దింపింది. చారలు తల దగ్గర స్పష్టంగా ఉన్నాయి, తోక దగ్గర లేవు. విషం లేనిది.

"అమ్మయ్య," అంది గుండీలావిడ. "అయితే నిన్న కరిచింది ఇదే."

ఆమె అవునందామనుకుంది. కానీ నిన్నటి చారలు ఇంకా సన్నగా ఉన్నట్టు గుర్తు. కాదు, వెడల్పుగానా? నిన్నట్నుంచీ ఆ జానెడు ఒంటిని ఎన్నిసార్లు తలుచుకుందంటే, ఇప్పుడది ఫోటోల్లో చూసిందో నిజంగా చూసిందో తేల్చుకోలేకపోతోంది.

"ఇదే కావచ్చు," అంది. "ఇంకోటి కూడా ఉండొచ్చు. నాకు తెలీదు."

మళ్ళీ అందరి మొహాలూ వాడిపోయాయి. సూపర్‌వైజర్ ఆమెని పక్కకి పిలిచాడు. "మేడమ్, ఇదే అని ఒక్క మాట అనండి. పని మొదలవుతుంది. మీ నోటంట వస్తేనే నమ్ముతారు."

"నమ్ముతారనే అనలేకపోతున్నానండీ."

ఆమె చెప్పినట్టే బొక్కకి సిమెంటు పూశారు. అలమరని గోడనుంచి బారెడు ముందుకు జరిపారు. తానులు తీసేముందు కర్రతో తట్టాలనీ, కనపడని చోట చెయ్యి పెట్టొద్దనీ, ఏ పామైనా సరే పేరు తేల్చుకోకుండా దూరం జరగాలనీ చెప్పింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషన్లు ఒకటొకటిగా మోగడం మొదలెట్టాయి. కొందరు కాళ్ళు కింద పెట్టారు, కొందరు పెట్టలేదు.

పాముని ఊరి బయట రాళ్ళగుట్టలో వదిలి వస్తుంటే దారిలో అడిగాడు భర్త. "ఆ రెండు ఫోటోలూ ఇంక చూపించవా?"

"చూపించకపోతే పాపం విషంలేనిదాన్ని కూడా కొట్టి చంపుతారు. చూపిస్తే తేడా తెలిసిపోయిందనుకుని చెయ్యి పెడతారు."

"మరెలా?"

ఎదురుగాలికి సంచి రెపరెపలాడుతోంది.

"తెలీట్లేదండీ," అంది. "రేపు అపార్టుమెంటువాళ్ళు రమ్మన్నారు. వెళ్ళాక ఏం చెప్తానో చూడాలి."