భూకంపం నాటి బువ్వ

లింగవ్వను బడికి పిలిచారన్న సంగతి బాలవ్వకు సొంత మనవరాలి నోటి నుంచే తెలిసింది. అది ఆమెకు మింగుడుపడలేదు.

మనవరాలు విజయశ్రీ నాలుగో తరగతి. సూరత్‌లోని వడోద్‌లో వాళ్లుండే గల్లీకి దగ్గర్లోనే తెలుగు బడి. భూకంపం వస్తే ఇళ్లకే కాదు, మనుషులకు, వాళ్ల పనులకు, ఇరుగుపొరుగుకు ఏమవుతుందో సంధ్యారాణి టీచరు పాఠం చెబుతోంది. రెండువేల ఒకటిలో భూమి కదిలినప్పుడు సూరత్‌లో ఉన్న పెద్దవాళ్లెవరినైనా తీసుకురమ్మని పిల్లలకు చెప్పింది. విజయశ్రీ ఎదురింటి లింగవ్వను వెంటబెట్టుకుని పోయింది. సొంత బాపమ్మ ఇంట్లోనే ఉంది, కార్ఖానా నుంచి వచ్చిన చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తూ.

"నేను లేనా?" అంది బాలవ్వ.

"నువ్వెప్పుడు చెప్పలే గద బాపమ్మా. లింగవ్వ దాదీ మస్తు చెప్తది. యాక్షన్ జేసుకుంట చెప్తది."

విజయశ్రీ మంచమెక్కి అదంతా ఆడి చూపించింది. "కార్ఖానల కరెంటు మగ్గాలు ఆడుతుంటె నేల రోజూ అదురుతనే ఉంటదట. గందుకే ముందుగాల ఎవ్వలికి తెల్వలేదట. ఇంతల కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగినయట. మగ్గాలు ఆగినా నేల ఆగలేదట!"

ఆ మాట లింగవ్వది కాదు. కార్ఖానా నుంచి ఒట్టి కాళ్లతో ఉరికొచ్చి, గల్లీ మధ్యలో నిలబడి ఆయాసపడుతూ ఆ మాటన్నది తన పెనిమిటి కనకయ్య. ఆయన పోయాడు. ఆయన మాట మాత్రం లింగవ్వ నోట్లో చేరి చప్పట్లు కొట్టించుకుంటోంది.

"తర్వాత బిల్డింగు గోడ పగిలిందట. అందరు మైదానంలనే పండుకున్నరట. భయానికి ఎవ్వలు లోపలికి పోతలేరట. లింగవ్వ దాదీ ఒక్కతే మెట్లెక్కి బియ్యం సంచి తెచ్చి గల్లీకంత వండి పెట్టిందట!"

కత్తెర బాలవ్వ చేతిలోనే ఆగిపోయింది. పగిలిన గోడ పట్టుకుని పైకెక్కింది తను. ఆ సంచీ తనది.

సాయంత్రం లింగవ్వ గడప ముందు గల్లీ పిల్లలంతా మూగారు. "ఇంకోసారి చెప్పు దాదీ!" అని ఒకటే గోల. బతుకమ్మ పాటెత్తేది లింగవ్వే, పెళ్లిళ్లలో పెద్దరికం లింగవ్వదే. ఇన్నేళ్లూ బాలవ్వ అన్నీ చూసీచూడనట్టు ఊరుకుంది. కానీ ఆ గుంపులో లింగవ్వ ఒడికి ఆనుకుని కూర్చున్నది విజయశ్రీ. బాలవ్వ తలుపు దడాలున వేసుకుంది. ఆ పూట అన్నం సయించలేదు.

పిల్లలు ప్రశ్నలు అడుగుతారని మర్నాడు లింగవ్వను మళ్లీ పిలిచారు. బాలవ్వ పెట్టెలోని పట్టు అంచు చీర తీసి కట్టుకుని, ఎవరూ పిలవకుండానే బడికి వెళ్లింది. తరగతి గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, ఆ దినం నేను గూడ ఉన్న," అంది.

టీచరు సంతోషంగా ఇంకో కుర్చీ వేయించింది. బాలవ్వ కూర్చోలేదు.

"బియ్యం తెచ్చింది నేను."

లింగవ్వ తెల్లబోయింది. "నువ్వా? ఏంది వదినె, నువ్వు కింద బువ్వ వండే గంజు తోముతున్నవ్ గదనే!"

"గంజు నీది, తోమింది నువ్వు. బియ్యం నాయి. మా తమ్ముడు సిరిసిల్ల నుంచి తెచ్చినయి."

"మరి నాకీ భుజం నొప్పి ఏడికెల్లొచ్చింది? ఆ సంచి మోసే వచ్చె!"

"నా భుజం గూడ నొస్తది!"

పిల్లలు పగలబడి నవ్వారు. లింగవ్వ అబద్ధం ఆడటం లేదని ఆమె మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. నిజంగానే తానే మోశాననుకుంటోంది. బాలవ్వకు దాంతో మరింత ఒళ్లు మండింది. టీచరుకు ఎవరిని ఆపాలో తోచలేదు.

ముందు వరసలోని ఒక పాప చేయెత్తింది. "ఆ బువ్వ ఎవలెవలు తిన్నరు దాదీ?"

"పక్క బిల్డింగు ఒరిస్సా పిలగాండ్లు," అంది లింగవ్వ.

"గుజరాతీ వాచ్‌మన్ పెండ్లాం, పిల్లలు," అంది బాలవ్వ. "అంతకుముందు ఆమె మన మొకమే సూడకపోయేది."

"అవ్, మల్ల దినం ఆమెనే కిచిడీ వండి తెచ్చె. బుచ్చిరాములు ఇంటోల్లు. ఐలమ్మ..."

"ఐలమ్మ తినలే," అంది బాలవ్వ.

ఎందుకు తినలేదని టీచరు మెల్లగా అడిగింది. చెప్పింది బాలవ్వే. ఐలమ్మ పెనిమిటి అవతల ఒక పెద్ద బిల్డింగులో కాపలా పని చేసేవాడు. ఆ బిల్డింగు కూలిపోయింది. ఐలమ్మ పళ్లెం ఒడిలో పెట్టుకుని పొద్దుగూకేదాకా అట్లనే కూర్చుంది. ఆమెకు చెరో పక్కన తామిద్దరూ కూర్చున్నారు.

"తర్వాత ఆమె ఊరికి పోయింది. ఆమె ఎనుక ఇంక శానమంది పోయిన్రు. రూములకు తాళాలు పడ్డయి. మగ్గాలు బాగనే ఉండె, నడిపేటోల్లు లేకపోయిరి. ఆ యేడు బతుకమ్మ ఆడెతందుకు గుంపే కాలే."

"ఇండ్లు పడకున్నా పోయిన్రా బాపమ్మా?" విజయశ్రీ అడిగింది.

"ఇంట్ల పండుకుంటె నిద్ర రాకపోయేది బిడ్డా."

బడి విడిచాక విజయశ్రీ బాపమ్మ చేయి పట్టుకుని నడిచింది. గల్లీ మొదట్లోకి వచ్చేసరికి ఆ చేయి వదిలించుకుని లింగవ్వ దగ్గరికి ఉరికింది. బాలవ్వ విసురుగా ఇంట్లోకి పోయి కత్తెర అందుకుంది.

మూడు రోజులకు టీచరు కబురు పంపింది, మూడో తరగతి పిల్లలకు బాలవ్వ వచ్చి చెప్పాలని. పొద్దుగూకే వేళ లింగవ్వ వచ్చి గడప దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నిన్నొక్కదాన్నే పిలిచిన్రట గద."

"ఆ, పిలిచిన్రు."

"బియ్యం సంగతి ఏం జెప్తవ్?"

"నేనే తెచ్చిన అని చెప్త."

లింగవ్వ మూతి ముడుచుకుని వెనుదిరిగింది. బాలవ్వకు లోపల్నుంచి నవ్వు ఉబికి వచ్చింది. అంత హాయి ఈ మధ్య ఎన్నడూ ఎరగదు. లింగవ్వ గల్లీ దాటుతుంటే వెనక నుంచి కేకేసింది.

"గంజు నీదే అని గూడ చెప్త తియ్యి వదినె!"

లింగవ్వ తిరిగి చూడకుండా తన తలుపు దడాలున వేసుకుంది.