రెండు మూరల నిశ్శబ్దం

కోడలికి మతి చలించిందని ఆ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనకుండానే అందరూ ఒక మాట మీదికి వచ్చేశారు. ఇవాళ మధ్యాహ్నం ఆమె తండ్రి వచ్చి తీసుకుపోతాడు. బట్టల సంచి అప్పుడే సర్ది వీధిగుమ్మం పక్కన పెట్టారు. డాక్టరుకి చూపించి, నెమ్మదించాక పంపిస్తాడట. నెమ్మదించడమంటే ఎన్నాళ్ళో ఎవరూ అడగలేదు.

కోడలు ఆసుపత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటుంది. వెనక వీధిలో బట్టలుతికే కార్ఖానా వచ్చినప్పటినుంచి ఆమె కంటిమీద కునుకు లేదు.

“ఏదో మూలుగుతున్నట్టు రొద అత్తయ్యా. పడుకుంటే వస్తుంది, లేచి కూర్చుంటే పోతుంది” అంది. ఆ మాటే ఆమె కొంప ముంచింది.

“నువ్వు లేవగానే లేచి వెళ్ళిపోవడానికి అదేమన్నా మొహమాటం ఉన్న చుట్టమా?” అని మొదట నవ్వింది అత్తగారు.

కొడుకు ఆదివారం ఆ మంచంమీద పొర్లి చూసి ఏమీ లేదన్నాడు. ఆదివారం కార్ఖానాకి సెలవని ఎవరికీ తట్టలేదు. కార్ఖానా మెకానిక్కుని పిలిస్తే అతను పడకగదిలోకి రావడానికే మొహమాటపడ్డాడు. గది నడుమ నిలబడి చెవి రిక్కించి, “బట్టలారబెట్టే మా పెద్ద ఫ్యాను చప్పుడు ఇంతదాకా రాదమ్మా” అని తేల్చేశాడు. అత్తగారూ అక్కడే నిలబడి విన్నది. కొడుకూ కోడలూ పడుకునే మంచం మీద తను వాలడమేమిటని ఆవిడ మర్యాద ఆవిడది.

ఈలోగా కోడలు డ్యూటీలో నిద్ర తూలి, ఒకరికి ఇవ్వాల్సిన ఇంజెక్షను ఇంకొకరికి ఇవ్వబోయింది. పక్క నర్సు చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ రోజునుంచి, “నా తలలోనే ఉందేమో అత్తయ్యా” అనడం మొదలుపెట్టింది. ఆ మాటకి అత్తగారికి నవ్వు రాలేదు.

ఇవాళ కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు అత్తగారు దుప్పటి మార్చబోయింది. దాని అంచు మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుంది. మంచం ఎక్కి, దిండు మీద మోచెయ్యి ఆనించి, గోడవారకి వంగింది.

అప్పుడు వినపడింది. చెవిలో కాదు, పుర్రె లోపల తేనెటీగల పట్టు కదిలినట్టు. ఉలిక్కిపడి లేచి కూర్చుంది. లేదు. మళ్ళీ వంగింది. ఉంది. మంచం దిగి రెండు మూరలు ఇవతలికొచ్చి నిలబడితే గది గుడిలా ప్రశాంతం. ఎదురు గోడకి చెవి దగ్గరపెడితే మళ్ళీ అదే మూలుగు.

 ఆవిడ కిటికీలోంచి వెనక వీధిలో మెకానిక్కుకి ఒక్క కేక పెట్టింది. వచ్చినవాణ్ణి చెయ్యి పట్టి మంచం దగ్గరికి లాక్కెళ్ళింది.

“ఆ మొహమాటం అవతల పెట్టి, తల ఆనించి విను బాబూ!”

విన్నాడు. మొహం మాడిపోయింది. బట్టలారేసే తాడు ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండో కొస పట్టుకుని గబగబా ఊపాడు. తాడు రెండు పొట్టలుగా ఉబ్బింది. ఆ రెంటి నడుమ ఒక్కచోట మాత్రం కదలకుండా నిలబడింది.

“చప్పుడు కూడా ఇలాంటి అలే పిన్నిగారూ. ఫ్యాను అల వచ్చి గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. పోయేదీ వచ్చేదీ ఒకచోట ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. అక్కడ రెట్టింపు. ఇంకోచోట ఇది పైకంటే అది కిందకంటుంది. అక్కడ ఏమీ ఉండదు.”

“రెండు చప్పుళ్ళు కలిస్తే ఏమీ ఉండకపోవడమేమిటి?”

“తలుపుని చెరో పక్కనుంచీ సమానంగా తోస్తే కదులుతుందా? అంతే. మనం ఆ చోట నిలబడి విన్నాం. పాపం ఆ అమ్మాయి తల గోడవారన.”

కేక విని వచ్చిన కొడుకు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “ఓస్ ఇంతేనా! మంచం ఇవతలికి లాగితే సరి. దీనికింత రాద్ధాంతమా?”

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. తడిజుట్టు నీళ్ళు భుజంమీద కారుతున్నాయి. ఎప్పటినుంచి వింటోందో.

“అత్తయ్యా, ఇవాళ మీకు వినపడింది కాబట్టి నేను బాగానే ఉన్నట్టు. వినపడకపోయుంటే?”

మెకానిక్కు తాడు చుట్టుకుంటూ కిందికి చూశాడు. 

అంతలో వీధి తలుపు చప్పుడైంది. కోడలి తండ్రి, రిక్షా వీధిలో ఆపి వచ్చాడు. అత్తగారు ఎదురెళ్ళింది.

“అన్నయ్యగారూ, మీ అమ్మాయికి ఏ జబ్బూ లేదు. మేమే దూరంగా నిలబడి విన్నాం.”

ఆయనకి సగం అర్థమైంది. “అయితే సంచి లోపల పెట్టేసుకోమంటావా చెల్లెమ్మా?” అంటూ కూతురి వైపు చూశాడు.

“నిద్రొస్తోంది నాన్నా. పడుకోవాలి. అంతే” అంది కోడలు. సంచి చేతిలోకి తీసుకుంది.

అత్తగారు సంచి రెండో పట్టీ పట్టుకుంది. లోపలికి లాగాలో, రిక్షాదాకా మొయ్యాలో ఆవిడకి తెలియలేదు. అలాగే పట్టుకుని కోడలు అడుగు ఎటు వేస్తుందా అని చూస్తూ నిలబడింది.