భూలక్ష్మత్త బెర్గామో చూసిన రోజు

తాడు లాగుతుంటే కొండ మీదికి పాకే చిన్న రైలులో రవళి నిలబడి ఉంది, కిటికీ అవతల ఇటలీలోని బెర్గామో పాత ఊరి గోడలు మెల్లగా కిందికి దిగిపోతున్నాయి, ఎప్పుడు మారిందో గానీ అది ఇప్పుడు మెట్‌పల్లి డిపో బస్సు, చిరిగిన రెగ్జిన్ సీటు మీద ఆమె మేనత్త భూలక్ష్మి ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుని, పక్కన చోటు చేత్తో దులిపి చూపిస్తోంది. అత్త పోయిన వానాకాలంలో చనిపోయిందని రవళికి తెలుసు. తెలిసినా అదేమీ అడ్డమనిపించదు, రద్దీలో సీటు దొరికిన మనిషిలా వెళ్లి కూర్చుంటుంది.

"ఇదేనా నువ్వు సదివే ఊరు?" అంటుంది అత్త.

"కాదత్తా, నేను చదివేది మిలాన్‌ల. ఇయ్యాల సెలవు. క్లాసోళ్లమంతా కలిసి ఈ కొండ మీది ఊరు చూద్దామని వచ్చినం. పాత కట్టడాలంటేనే కదా నా చదువు."

"ఇంత ఎత్తుల ఇండ్లు కట్టుకున్నరు. నీళ్లెట్ల మోసిన్రే?"

క్లాసులో చెప్పిన సంగతే అది, జవాబు నాలుక చివరనే ఉంది, కానీ రవళి నోరు తెరిచేలోపే బస్సు లేదు, అత్త రాళ్లు పరిచిన సందులో ఎదురెత్తు ఎక్కుతోంది. ఇంట్లో వాకిలి దాటేసరికే ఆయాసంతో గోడ పట్టుకునే మనిషి, ఇక్కడ కొంగు నడుముకు చెక్కుకుని, ఇటో కిటికీ అటో తలుపూ చూసుకుంటూ, తన ఊరే అన్నట్టు ముందు నడుస్తోంది.

"దమ్ము వస్తలేదా అత్తా?"

"అది నాతోని రాలే."

సందు తిరిగితే ఒక కొట్టు, కొట్టులో చెక్క పలక మీద పసుప్పచ్చని ముద్ద పొగలు కక్కుతోంది, పొలెంటా అంటారిక్కడ, మొక్కజొన్న రవ్వతో ఉడికించేది, రవళి ఆ పేరు చెప్పబోతుంటే అత్త ముక్కుతోనే పోల్చుకుంటుంది. "మక్క గట్కనే గదా ఇది. పచ్చిపులుసు లేదా నాయినా?" అని కొట్టు అతన్ని అడుగుతుంది, నెరిసిన మీసాల ఆ ఇటలీ మనిషి ఏమాత్రం తడుముకోకుండా, "ఇప్పుడే అయిపోయింది పెద్దమ్మా, రేపు పొద్దుగాల రా" అంటాడు. రేపు వస్తానని అత్త మాటిస్తుంది.

కొన్న గట్క చేతపట్టుకుని ఇద్దరూ కోటగోడ అంచున కూర్చుంటారు. కింద మైదానం పరుచుకుని ఉంది, ఎర్ర పెంకుల ఇళ్లూ దూరాన పొగమంచూ ఉన్న మైదానమే, మరోసారి చూస్తే మాత్రం అంతా మెట్‌పల్లి పసుపు చేలే, గాలికి ఆకులు ఒకేవైపు ఒరుగుతున్నాయి. దాచుకున్న మాట చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదనుకుంటుంది రవళి.

"అత్తా, దవాఖానల నుంచి ఫోన్ చేసినప్పుడు నన్నొక మాట అడిగినవు. నేను జవాబు చెప్పకముందే పోయినవు."

"నా కొడుకు నరేందర్‌ను చేసుకుంటవా అని అడిగిన. యాదికుంది."

"ఇంట్ల అందరూ అది నీ ఆఖరి కోరిక అంటున్నరు. నాన్న నోరు తెరిచి అడగడు. ఫోన్ పెట్టేముందు మాత్రం కొంచెంసేపు ఆగుతడు. ఆయన ఆగినప్పుడల్లా నాకు అన్నం సైస్తలేదు. బావ మంచోడే. కానీ చిన్నప్పటి సంది ఒక్క కంచంల తిన్నోళ్లం. మొగడనుకునుడు నాతోని అయితలేదత్తా."

అత్త నొచ్చుకుంటుందేమోనని రవళి ఆమె ముఖం వైపు చూడదు, చేతుల వైపు చూస్తుంది, ఆ చేతులు గట్క ముద్దను తుంచి వేళ్ల మధ్య చల్లార్చుకుంటున్నాయి.

"నాకు ఆడిపిల్ల లేకపాయె," అంటుంది అత్త నిదానంగా. "సెలవులకు వచ్చి పొయ్యి ముంగట కూసోని నువ్వు ముచ్చట వెట్టేదానివి. పెండ్లయ్యి ఎటో పోతవు, ఆ ముచ్చట తెగిపోతదని బుగులైంది. కోడలివైతే నా కండ్ల ముందటనే ఉంటవనుకున్న. గంతే. వాడు నీకు ఈడా జోడా అని నేను సోంచాయించనే లేదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నేనే ఇంత దూరం రాకపోతినా? ముచ్చట తెగిందా?" అని అత్త నవ్వుతుంది. "నాకు జెప్పినట్టే వానికీ జెప్పు. వాడు గూడ బెల్లం గొట్టిన రాయి లెక్క కూసున్నడు. నా మీది పాణంతోని మీరిద్దరు పెండ్లి జేసుకునెటట్టున్నరు."

రవళికి కూడా నవ్వొస్తుంది. నవ్వి తల ఎత్తేసరికి అత్త లేచి చీర దులుపుకుంటోంది. "ఇంకా పైన ఇంకో కోటున్నదట. చూసొస్త," అని ఆగకుండా, రొప్పకుండా, చెట్ల నీడల్లోకి నడిచిపోతుంది. వెంట పోవాలని రవళికి అనిపించదు. ఎండ హాయిగా ఉంది.

భుజం మీద ఎండ చురుక్కుమని మెలకువ వచ్చింది. కోటగోడ పక్క బల్ల మీదే ఒరిగి నిద్రపోయింది రవళి. తోటివాళ్లు ఇంకా మ్యూజియం నుంచి రాలేదు. వాళ్లు కొనిచ్చిన పొలెంటా అట్టడబ్బా ఒళ్లో అలాగే ఉంది, పైన తరక కట్టింది గానీ అడుగున ఇంకా వెచ్చగానే ఉంది.

ఫోన్ తీసి నరేందర్‌కు కలిపింది. అక్కడ సాయంత్రం, వెనకాల ఎవరో ట్రాక్టర్ ఆపుతున్నారు.

"బావా, మనం పెళ్లి చేసుకోవద్దు. నువ్వు నాకు బావగనే ఉండు."

అవతల అతను బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. "అమ్మ మాట గదా, కాదంటే ఎట్లనని నేను గూడ ఊకున్న రవళీ. మామకు ఇద్దరం కలిసే చెప్దాం."

"అత్తనే చెప్పింది, నీకు చెప్పుమని. మధ్యాహ్నం నిద్రల వచ్చింది. మనిద్దరం తన మీది పాణంతోని పెండ్లి చేసుకునెటట్టున్నమన్నది."

నరేందర్ నవ్వబోయి ఆగిపోయాడు. "అమ్మ పోయిన కాడికెళ్లి అందరు గిట్లనేది, గట్లనేది అంటున్నరే. ఇయ్యాల గిట్లన్నది అని ఎవ్వరంటలేరు. ఇంకేమన్నది?"

రవళి బల్ల మీద కాళ్లు పైకి ముడుచుకుని, సర్దుకుని కూర్చుంది.

"ముందుగాల, ఇంత పైకి నీళ్లెట్ల మోసిన్రని అడిగింది బావా."