మోయిచి నింపిన పీపా

రోజూ పొద్దున్న గోదాములోకి వెళ్లేముందు సుజుయో బూట్లు విప్పి మెత్తని గుడ్డజోళ్లు వేసుకునేది. అక్కడందరిదీ అదే అలవాటు. లోపల పీపాలు ఊపిరి పీలుస్తుంటాయి, అలికిడైతే ఉలిక్కిపడతాయి.

షినానో కొండల్లోని ఆ బట్టీలో రకరకాల విస్కీలు కలిపి, చివరికి స్పెయిన్ నుంచి తెప్పించిన, షెర్రీ అనే ద్రాక్షసారా మాగిన పీపాల్లో పోసి మాగబెడతారు. ఏ పీపా ఎవరు నింపితే అది వాళ్లలాగే, వాళ్లతోపాటే ఊపిరి పీలుస్తుంది. యజమాని కురయోషి నింపినవి ఆయనలాగే గురక పెడతాయి. మనిషి చనిపోతే పీపా ఊపిరీ ఆగిపోతుంది.

ఏ విస్కీలో ఏది ఎంత కలపాలో వాసన చూసి తేల్చడం సుజుయో పని. గోదామంతా తిరిగేది గానీ, చివరి వరుస వైపు మాత్రం వెళ్లేది కాదు. మోయిచి నింపినవాటిలో మిగిలిన ఒక్క పీపా అక్కడుంది.

మోయిచి ఒకప్పుడు అక్కడ కొత్త పీపాలు పరీక్షించి, దించుకుని, నింపే మనిషి. ఒక ఏడు వచ్చిన సరుకులో ఒకదాని మీద అనుమానం వచ్చి సుజుయోని పిలిచాడు. పాడవకుండా లోపల గంధకం కాలుస్తారు, ఆ కంపు పోలేదేమో చూడమన్నాడు. ఆమెకు ఆ వారమంతా జలుబు. వాసన తెలియడం లేదని చెప్పుకోవడానికి నామోషీ వేసింది. లోపలికి తల వంచి, బాగానే ఉందనేసింది.

అందులోది కలిపాక ఆ ఏటి విస్కీ మొత్తం కాలిన అగ్గిపుల్ల కంపు కొట్టింది. మోయిచి నీకు చూపించాడా అని కురయోషి అందరి ముందూ అడిగాడు.

"లేదండి," అంది సుజుయో.

తప్పంతా మోయిచి మీద పడింది. ఆ సాయంత్రం అందరికీ తల వంచి, పక్క లోయలో ఉన్న తన ఆపిల్ తోటకు వెళ్లిపోయాడు. అప్పటినుంచీ అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు కూడా ఆమెకు ఆ "లేదండి" గొంతులో అడ్డం పడేది.

ఈ శరదృతువులో ఒక మధ్యాహ్నం చివరి వరుసలోని ఆ పీపా ఊపిరి తడబడింది. ఒకసారి పీల్చడం, చాలాసేపు ఊరుకోవడం. ఆగిపోయాక ఉంచితే రుచి చస్తుందని, ఈలోపే అందులోని విస్కీ తోడెయ్యమన్నాడు కురయోషి. పనివాళ్లు గొట్టం తెచ్చారు. సుజుయో ఆఫీసులో ఫోను దగ్గరకు పరుగెత్తింది. మోయిచి పీపా తడబడుతోందని చెబితే అంబులెన్సు వాళ్లు ఇంకేమీ అడగలేదు, తోటకు దారి మాత్రం అడిగారు.

మోయిచి నిచ్చెన పక్కన గుండె పట్టుకుని పడి ఉన్నాడట. కాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

మాట్లాడే ఓపిక వచ్చిందని తెలిశాక ఆసుపత్రికి వెళ్లింది. మంచం పక్కన నేలమీదే మోకాళ్లు వంచి కూర్చుంది.

"మీరు చూపించారు. నాకప్పుడు జలుబు. అది దాచుకోవడానికి లేదన్నాను."

"తెలుసు. ముక్కు చీదుకుంటూనే వచ్చావుగా."

"మరి అక్కడే అనొచ్చుగా?"

"నువ్వే చెబుతావనుకున్నాను. సాయంత్రం దాకా చూశాను."

ఆమె నుదురు నేలకు ఆనించింది. ఆయనే మళ్లీ అన్నాడు.

"ప్రాణం నిలబెట్టావు, అందుకు దండం పెడతాను. ఈ మాట మాత్రం నాకు కాదు, అక్కడ చెప్పు."

మర్నాడు పని మొదలుకాకముందే అందరి ముందూ చెప్పింది. ఎవరూ ఆమెను తిట్టలేదు. పాతికేళ్లు కలిసి పనిచేసినవాళ్లు తలలు పక్కకు తిప్పుకున్నారు. రేపటినుంచి పీపాలు కడుగు, అన్నాడు కురయోషి. తరవాత పెద్ద సందర్భాలకు తీసే నల్లకోటు వేసుకుని, ఆమెను కూడా కారెక్కమన్నాడు.

ఆసుపత్రి గదిలో ఆయన మోయిచి మంచం ముందు నడుం వంచి అలాగే నిలబడిపోయాడు. క్షమించమని అడిగాడు. ఇక చాలు లేవండి, వసంతానికి వస్తాను, అన్నాడు మోయిచి.

సుజుయో గుమ్మం దగ్గరే ఉండిపోయింది. చాలాసేపటికి మోయిచి ఆమె వైపు చూసి, మంచినీళ్లు కావాలన్నాడు. గుమ్మం పక్క బల్ల మీద గ్లాసు ఆమె చేతికి దగ్గర్లోనే ఉంది. మంచం దగ్గరకు వెళ్లి, రెండు చేతులతో పట్టుకుని తాగించింది.